చెదలు తిన్నవి మూడు

మా జమ్మలమడుగు లైబ్రరీకి యాప్ వచ్చింది సోమవారం నాడు. ఊడ్చి, నీళ్ళు చల్లి, బల్లల మీద పేపర్లు పరిచి నేను గుమ్మంలో కూర్చునేసరికి మా చెల్లెలి మనవరాలు జీవిత ఫోను పట్టుకుని వచ్చింది. "అవ్వా, ఈపొద్దునుంచి నేనూ ఈడనే పని" అంది. డిగ్రీ చదివి రెండేళ్ళు ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్ల. మూడు నెలల కాంట్రాక్టు. పని నచ్చితే పొడిగిస్తారట. నాకు పండగలా అనిపించింది.

నేను ఐదో తరగతి వరకే చదివాను. పేరు సుందరి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ లైబ్రరీ ఊడుస్తూ, తాళాలు తీస్తూ వేస్తూ, చదివి వదిలేసిన పుస్తకాలను మళ్ళీ అరల్లో సర్దుతూ బతికాను. పుస్తకం వీపు మీది నంబరు నాకు చదవడం వచ్చు, కానీ దానితో పనిపడేది కాదు. పోస్టుమాస్టరు భార్య కాఫీ ఒలికించింది ఏదో, ఎలుక మూల కొరికింది ఏదో, పెళ్ళి కుదిరిన పిల్ల వెనక అట్ట మీద కాబోయేవాడి పేరు రాసి కొట్టేసింది ఏదో, నాకు తెలుసు. ఎవరైనా వచ్చి "అవ్వా, ఆ ముసలాయన, ఏనుగు ఉండే పుస్తకం" అంటే చాలు, తెచ్చి చేతిలో పెట్టేదాన్ని.

యాప్ పని చూడ్డానికి చిన్నదే. ప్రతి బీరువాకూ ఒక చీటీ, ప్రతి పుస్తకానికీ ఒక చీటీ అంటించారు. ముందు బీరువా చీటీకి ఫోను చూపాలి, తర్వాత అందులోని పుస్తకాలకు ఒక్కొక్కటిగా చూపాలి. సరైన చోట ఉంటే టింగుమని పచ్చగా వెలుగుతుంది. చోటు తప్పితే పసుపు. ఫోను కంటికి అసలు పడనివి చివరికి ఒక పట్టికలో మిగిలిపోతాయి.

మూడో బీరువా కింది అర మొత్తం పసుపు చూపింది.

"ఏందవ్వా ఇది? పిల్లోళ్ళవి, దేవునివి, నవలలు, అన్నీ ఒగ చోటే పెట్టినావే!"

"అవి పెద్దక్షరాలవి పాపా. కండ్ల ఆపరేషనుకని ఆస్పత్రికొచ్చే ముసలోళ్ళు కిటికీ కాడ కూచ్చుంటారు. లేయకుండా అందుతాయని ఆడ పెట్టినా."

"ఫోను ఒప్పుకోదవ్వా."

"ఫోనుకేం తెలుసు, దానికి కండ్లు బాగానే ఉండాయి గదా!"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే ఆ నలభై పుస్తకాలనూ మోసి ఎక్కడివక్కడ పెట్టాను. పైఅరలో పెట్టినవి కూడా ఉన్నాయి. మర్నాడు ఒక ముసలామె వచ్చి కిటికీ కింద తడుముకుని, చివరికి పేపరు తీసుకుంది.

పన్నెండో రోజుకి పదకొండు వేల చిల్లర పుస్తకాలు అయిపోయాయి. పట్టికలో రెండు వందల పన్నెండు మిగిలాయి. లైబ్రేరియన్ ప్రతాప్ సారు నన్ను పిలిచాడు. మంచివాడే. వచ్చి రెండేళ్ళయింది, ఒక్కసారి కూడా నన్ను "ఏయ్" అనలేదు.

"సుందరమ్మా, ఈ రెండు వందల పన్నెండు యాడికి పోయినాయి?"

"యాడికీ పోలేదు సార్. ఇండ్లల్లో ఉండాయి."

"ఎవరి ఇండ్లల్లో?"

"చెప్తా రాసుకోండి. కుట్టు పుస్తకం, పసుప్పచ్చ అట్టది, పొద్దుటూరులో సాజియా కాడ. జ్యోతిష్యం రెండు, పులివెందుల వసంతమ్మ కాడ. ఆమె మొగుని జాతకం సరిలేదని ఒగటి, సరిచేసేదానికి ఒగటి..."

"ఆగమ్మా ఆగు. రిజిస్టర్లో ఉండాదా?"

"నా తలకాయలో ఉండాది సార్."

"తలకాయను కడపకు పంపీలేను గదమ్మా."

జరిగింది చెప్పాను. కరోనా అప్పుడు లైబ్రరీ మూశారు. మా ఇల్లు వెనక సందులోనే. ఆస్పత్రికొచ్చి ఇరుక్కుపోయినవాళ్ళు, బస్సులు లేక ఊళ్ళకు పోలేనివాళ్ళు నా తలుపు కొట్టేవాళ్ళు. "పొద్దు పోలేదవ్వా, ఒగ పుస్తకమియ్యి." అప్పటి లైబ్రేరియన్ ఎలీషా సారుకు ఫోను చేసి అడిగాను. "ఎవరికిచ్చినావో నీకు గుర్తుంటాది గదా సుందరమ్మా, ఇయ్యి" అన్నాడు. ఆ మాటకు సాక్షి ఆయనే. రెండో విడతలో ఆయన పోయాడు. తర్వాత బస్సులు నడిచినా ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు. దూరపు ఊళ్ళ వాళ్ళకు లైబ్రరీ కార్డు కావాలంటే జామీను సంతకం పెట్టే ఉద్యోగస్థుడు ఎవరు దొరుకుతారు? కండక్టరు దావూద్ తన సంచిలో ఒకటి తెచ్చి ఇంకొకటి తీసుకుపోయేవాడు. ఒకటి వస్తేనే ఒకటి పోయేది. అందుకే లెక్క ఎప్పుడూ రెండు వందల పన్నెండు దగ్గరే నిలిచింది.

సారు చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు.

"కనపడని వాటికి దీంట్లో ఒగ గడి ఉందమ్మా. ఎవరి స్వాధీనంలో ఉండంగా పోయినాయని. తాళాలు ఎవరి కాడుంటే వాళ్ళ పేరే రాయాల. పై శనివారం సాయంత్రం అయిదుకు ముగించాల. ఆలోపల తెచ్చి ఫోనుకు చూపిస్తివా, ఏ గడీ నింపే పని లేదు."

"నా పేరు రాస్తారా సార్?"

ఆయన ఫోను జేబులో వేసుకుని లేచాడు.

మా నాయన ఆస్పత్రిలో నలభై ఏళ్ళు కాపలా పని చేసి ఒక దూది ఉండ ఇంటికి తేలేదు. ఆయన చనిపోయినప్పుడు పాస్టరుగారు సమాధి దగ్గర చెప్పింది ఆ ఒక్క మాటే. ఇప్పుడు కడపలో ఎవరో కుర్రవాళ్ళు ఒక కాగితం తెరిస్తే అందులో ఆయన కూతురి పేరు, పక్కనే రెండు వందల పన్నెండు పుస్తకాలు. నాకు ఇంకేమీ వద్దనిపించింది. ఆ గడిలో నా పేరు పడకూడదు, అంతే.

ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేని రోజులు కదా, గోనెసంచులు చంకన పెట్టుకుని బయలుదేరాను. ముందు మా ఊరు. రెండు రోజుల్లో నూట నలభై వచ్చాయి. సాయంత్రం జీవిత మా ఇంటికొచ్చి సంచులు చూసి, "ఎన్నొచ్చినాయో అన్ని ఇప్పుడే చూపిద్దాం పట్టు అవ్వా, పచ్చగా అయిపోతాయి" అంది.

నేను ఒప్పుకోలేదు. మా నాయన పద్ధతి అది. అప్పగింతంటే ఒకేసారి, ఎంచి, ముందర పెట్టి చేయాలి. సగం అప్పగిస్తే ఎదుటివాడి కన్ను ఇచ్చిన దాని మీద ఉండదు, మిగిలిన దాని మీదే ఉంటుంది. నూట నలభై చూపిస్తే ఫోను డెబ్బై రెండు లేవంటుంది. ఆ మాట వినడానికి నాకు మనసు రాలేదు.

"శనివారం చూద్దువులే, అన్నీ ఒగ తూరి" అన్నాను.

"నీ ఇష్టం. మొండిదానివి."

ప్రొద్దుటూరులో సాజియా నన్ను చూడగానే టీ పెట్టింది. పుస్తకం అడిగేసరికి మొహం మాడ్చింది. "దీంట్లో ముప్పై రెండో బొమ్మ చూసే గదా అవ్వా నేను పెండ్లిబట్టలు కుడ్తాండా. పై వారం ఇయ్యాల అవి." చివరికి ఇచ్చింది. బయటి వరకూ సాగనంపడం ఆమె అలవాటు, ఆ రోజు రాలేదు. వీరపునాయునిపల్లెలో ఈశ్వర్ అని, రిటైరైన టీచరు, పదకొండు పుస్తకాలు వరసగా కట్టకట్టి పెట్టాడు. పన్నెండోది ఏదని అడిగితే కొత్త కోడలు దాంతో పొయ్యి ముట్టించిందని తల దించుకున్నాడు. పులివెందుల వసంతమ్మ మంచం మీదనుంచే, "మా ఆయన జాతకం ఇంగా సరికాలేదే తల్లీ, నువ్వేమో పుస్తకం ఎత్తకపోతాండావు" అని నవ్వించింది. ఆమెకు వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేస్తారు. చేతికి సూది గుచ్చి ఉండగా ఇంకో చేత్తో చదివేదట. ఆ చేతిలోంచే తీసుకున్నాను. ఆ ఊళ్ళోనే ఇంకొకటి వానకు ముద్దయిపోయింది.

అందరికీ ఒకే మాట చెప్పాను. "చూపించి మళ్ళా పంపిస్తా, దావూద్ చేతికిచ్చి." నిజంగానే అనుకున్నాను. ఫోను టింగుమన్న మరుక్షణం వెనక్కి పంపాలని.

ఇంక తొండూరు మిగిలింది. శనివారం పొద్దున మొదటి బస్సుకు పోయాను. ఊరి బయట గొర్రెల దొడ్డి. ఎర్రన్న అని గొర్రెలు మేపే ఆయన, కాలు పుండుపడి ఆస్పత్రికొచ్చినప్పుడు రెండు పుస్తకాలు తీసుకున్నాడు. ఆయన మూడో తరగతి. కూతురు భువనేశ్వరికి అక్షరాలు ఆయనే నేర్పాడు, గొర్రెల మీద వేసే గుర్తులతో మొదలుపెట్టి. ఇప్పుడు ఆయన లేడు. భువనేశ్వరి దొడ్డిలో ఒక గొర్రె మూతి ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. మూతి వాచి ఉంది, నాలుక నల్లబడి బయటికొచ్చింది.

"రా అవ్వా. మంచి దినం చూసే వచ్చినావు. పన్నెండు పండుకోనుండాయి."

"డాక్టరును పిలిపీలేదా?"

"ఫోను చేస్తే పులివెందుల్లో ఉండా, సోమారం వస్తా అనె. టీకా ముందే ఎయ్యాల్సింది, ఎయ్యల్యా అనె. అది నాకు తెలీదా!"

దొడ్డి గోడ మీద, రాయి కింద, గొర్రెల రోగాల పుస్తకం తెరిచి పెట్టి ఉంది. ఆకుపచ్చ అట్ట. గవర్నమెంటు వాళ్ళు వేసింది. ఆమె దానితో ఆ చుట్టుపక్కల పది దొడ్లకు వైద్యం చేసిందని దావూద్ చెప్పేవాడు. నేను వచ్చిన పని చెప్పాను.

"రెండోది మా నాయన గుంతలో పెట్టినాము" అంది. "రోజూ తల కింద పెట్టుకోని పండుకునేటోడు. ఇంగ అది రాదు."

"సరేలే. ఇది?"

"ఈ రోగం మాకు కొత్తదవ్వా. ఆ పేజీ నిన్న సగం చదివినా. నేను కూడబలుక్కోని చదవాల గదా. పొటాషు నీళ్ళతో నోరు కడగాలని ఉంది. ఎంతకెంతో, దాని తర్వాత ఏం పూయాల్నో, ఏం తాపాల్నో అవతల పక్క ఉంది. నాలుగు దినాలు ఆగు."

"ఈపొద్దే ఆఖరు పాపా. అయిదుకు ముగిస్తారు. నా పేరు పోతాది."

"నా గొర్రెలు పోతాండాయి గదవ్వా."

నేను చదివి పెడదామన్నా అందులో సన్నక్షరాలు, నా కళ్ళకు ఆనవు. పేజీ చించి ఇమ్మని అడగడానికి ఆమెకు నోరు రాలేదు, చించడానికి నాకు చెయ్యి రాదు. ముప్పై ఒక్క ఏళ్ళలో పేజీ చించినవాళ్ళను నేను చీపురుతో కొట్టబోయినదాన్ని.

"రేపు ఆదివారం. గుడికి కూడా పోను. మొదటి బస్సుకు నేనే తెచ్చిస్తా, ఇది నా మాట" అన్నాను.

ఆమె రాయి తీసింది. పుస్తకం నా వైపు చాపలేదు. గోడ మీద నుంచి నేనే తీసుకున్నాను.

బస్సు ముద్దనూరు దగ్గర గంట నిలిచిపోయింది. నా ఫోను సంచి అడుగున ఉంది. మోగిందో లేదో తెలియదు. రెండున్నరకు ఇంటికి చేరి, తోపుడుబండి అడుక్కుని, రెండు వందల తొమ్మిది పుస్తకాలు అందులో పేర్చి లైబ్రరీ ముందు నిలబెట్టాను. పొయ్యిలో పోయింది ఒకటి, వానకు పోయింది ఒకటి, గుంతలోది ఒకటి. మూడింటికీ నేనే పూచీ అని చెప్పాలనుకున్నాను. గర్వంగానే ఉంది నాకు. అబద్ధమెందుకు.

జీవిత బయటికొచ్చి బండిని చూసి గుమ్మంలోనే కూలబడింది.

"ఇన్ని దొరికినాయా అవ్వా?"

"ఎంచుకో. రెండు వందల తొమ్మిది. పట్టు నీ ఫోను."

పై పుస్తకానికి ఫోను చూపింది. టింగుమనలేదు. ఎర్రగా వెలిగి బుర్రుమంది. ఇంకొకటి చూపింది. మళ్ళీ ఎరుపు. "తొలగించిన పుస్తకం" అని తెలుగులోనే వచ్చింది, నేను కూడా చదవగలిగాను.

పన్నెండు గంటలకు కడపనుంచి ఫోను వచ్చిందట. అన్ని ఊళ్ళవీ అయిపోయాయి, మీదొక్కటే మిగిలింది, ఒంటిగంటకల్లా ముగించండి అన్నారట. సారు మీటింగని కడపలోనే ఉన్నాడు, ఫోను ఎత్తలేదు. నేను ఎత్తలేదు. పిల్ల మా ఇంటికి పరిగెత్తింది, తాళం ఉంది. తాళంచెవి నా రొండిన తొండూరులో ఉంది.

"సంచులు చూసినా గాని ఎన్నుండాయో నాకేం తెలుసవ్వా. నువ్వు చూపీనిస్తివా? కనపడలేదని నొక్కితే నీ పేరు అడుగుతాంది. కింద ఇంగోటి ఉండె, చినిగిపోయినవి, తొలగింపు అని. దానికి ఎవరి పేరూ అడగదు. నీ పేరు రాయలేక అది నొక్కినా. రెండు తూర్లు అడిగింది, నిజమేనా నిజమేనా అని. రెండు తూర్లూ అవునంటి."

ఏడుస్తూ చెప్పింది. ఆ పిల్లను ఏమనాలి? నూట నలభై ఆరోజే పచ్చగా అయిపోయేవి, వద్దన్నది నేను.

ప్రతాప్ సారు నాలుగింటికి వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కడపకు ఫోను చేసి, పక్కకు పోయి మాట్లాడి వచ్చాడు.

"వెనక్కి తీసుకునేదానికి లేదంట. పైకి పోయేసింది లెక్క. సోమారం చిత్తు కాగితాల బండొస్తాది, తొలగించినవన్నీ ఎంచి ఎక్కించాలంట."

"ఇవి చినగలేదు గద సార్. చూడండి, కొత్తవి గూడా ఉండాయి."

"నాకు కనపడతాండాది సుందరమ్మా. బాగుండే పుస్తకాలను చినిగినాయని ఎవరు నొక్కిరి అని అడుగుతారు. ఈ పాప లాగిన్‌తో ఉంది. తప్పుడు లెక్క రాసిందని ముందు ఆ పాపను తీసేస్తారు, ఆ తర్వాత కేసో ఇంగోటో. నువ్వు చెప్పు, రాయమంటే ఇప్పుడే రాస్తా నిజం."

జీవిత నా చీర కొంగు పట్టుకుని ఉంది.

నేను రాయమనలేదు.

"ఊరికే జనాలకు మళ్ళా పంచేస్తే?" అన్నాను.

"లైబ్రరీ ముద్ర ఉండే తొలగించిన పుస్తకం బయట కనపడితే అది దొంగ సొత్తే అయితాది. అదీగాక బండి కాడ ఎంచుకుంటారు."

ఆదివారం నేను తొండూరు పోలేదు. గుడికీ పోలేదు. పుస్తకాలు లైబ్రరీ లోపల తాళం వేసి ఉన్నాయి, తాళాలు నా దగ్గరే ఉన్నాయి. మంచం మీద కూర్చుని ఆ తాళాల గుత్తినే చూస్తూ ఉన్నాను. ఒకప్పుడు ఎలీషా సారు మాట మీద అర్ధరాత్రి కూడా తెరిచిన తలుపు అది.

సోమవారం బండి వచ్చింది. సాజియా కుట్టు పుస్తకం ఎక్కింది. వసంతమ్మ జ్యోతిష్యాలు రెండూ ఎక్కాయి. బండివాడు గోనెల్లోకి విసురుతూ ఎంచాడు. వాడికి కావాల్సింది తూకం, సారుకు కావాల్సింది లెక్క. రెండు వందల తొమ్మిది దగ్గర ఆగింది.

"మూడు తక్కువుండాయి సార్."

ప్రతాప్ సారు నా వైపు చూశాడు. పెన్ను తీసి కాగితం మీద రాస్తూ గట్టిగా చదివాడు. "చెదలు... తిన్నవి... మూడు." బండివాడు సరేనని వేలిముద్ర వేశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. అంత సులువుగా అయిపోయింది.

ఆకుపచ్చ అట్ట పుస్తకం చివరి గోనెలో, అన్నిటికన్నా పైన ఉంది. నా చేతికి అందేంత దూరం. సారు పెన్ను ఇంకా కాగితం మీదే ఉంది. దాన్ని తీసుకుని, చెదలు తిన్నవి నాలుగు అని ఎందుకు అనలేకపోయానో నాకు ఇప్పటికీ తెలియదు. అనుంటే ఆయన రాసేవాడే. భయపడ్డానా, తీసి దాచితే నిజంగానే దొంగనవుతానని అనుకున్నానా, ఏమో. నోరు తెరిచేలోపు గోనె మూతి కుట్టేశారు.

సాయంత్రం జీవిత ఫోనులో చూపింది. మా లైబ్రరీ పేరు పక్కన, కనపడనివి సున్నా. ఎవరి స్వాధీనంలో అనే గడి ఖాళీగా ఉంది. "చూడవ్వా, నీ పేరు యాడా లేదు" అంది. పదకొండు వేల పుస్తకాల చీటీలను చూసిన ఫోను అది. శనివారం పొద్దున ఆ పిల్లను తొండూరికి వెంట తీసుకుపోయుంటే ఒక్క పేజీ ఫోటో తీసి ఉండేది. ఆ బుద్ధి నాకు బండి పోయాక పుట్టింది.

మంగళవారం తొండూరు పోయాను. పోకుండా ఉండలేకపోయాను. దావూద్ టికెట్లు కొడుతూ నా వట్టి చేతులు చూసి, "ఏం పెద్దమ్మా, పుస్తకాలు పంపిస్తానంటివే, సాజియా నిన్న నన్ను అడిగినాది, ఏం జెప్పాల?" అన్నాడు. కిటికీ వైపు తిరిగాను.

దొడ్డి పక్కన కొత్తగా గుంత తవ్వి పూడ్చారు. పెద్ద గుంత. భువనేశ్వరి నన్ను చూసి లేచింది. మొదట నా మొహం కాదు, నా చేతులు చూసింది.

"పుస్తకమేదవ్వా?"

చెప్పాను. ఫోను, చిన్నపిల్ల, తొలగింపు, బండి. చెప్తూ ఉంటే నాకే అర్థం లేని మాటల్లా వినిపించాయి.

"తొమ్మిది పోయినాయి" అంది. "డాక్టరు నిన్న వచ్చె. మూడు నిలబడినాయి. ఈపొద్దు పక్క దొడ్డిలో మొదలైందంట, పిలుస్తాండారు నన్ను. నీకు అన్నీ గుర్తుంటాయంట గదవ్వా, మా నాయన చెప్పేటోడు. అవతల పక్క ఏముండె? ఏం పూయమనె?"

ఆ పుస్తకం నా కళ్ళ ముందే ఉంది. ఆకుపచ్చ అట్ట, కుట్టు ఊడితే నేను ట్వైను దారంతో కుట్టిన చోటు, ఆ పేజీ అంచున ఎర్రన్న బొటనవేలి మరక. పదిహేనేళ్ళు అరలో తుడిచి పెట్టాను దాన్ని. లోపల ఒక్క ముక్క కూడా నేను ఎన్నడూ చదవలేదు.

"తెలీదు పాపా" అన్నాను.

ఆమె తల ఊపి, బకెట్టు ఎత్తుకుంది. పక్క దొడ్డి వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఆడ కూచ్చోగాకు అవ్వా, ఎండ. బస్సు ఇంగ పదైదు నిమిషాలకు వస్తాది, పో."